తాళంచెవి నెక్కొండకు, పెట్టె జమ్మికుంటకు

ఆ రోజుల్లో, అంటే నా నెత్తి మీద జుట్టూ నోట్లో అబద్ధాలూ సమానంగా ఒత్తుగా ఉన్న రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని రైలు లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. (జుట్టు ఆ తర్వాత పలచబడింది.) దానికి కారణం మా బాపు. ఆయన కాజీపేటలో గూడ్సు గార్డు. మేం రైల్వే క్వార్టర్లలో, పట్టాలకు కూతవేటు దూరంలో కూడా కాదు, కూత చెవిలోనే పడే దూరంలో పెరిగాం. ఏ ఇంజను ఎప్పుడు ఎటు పోతుందో, ఏ బండికి ఎన్ని డబ్బాలో మా గల్లీలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. అట్లాంటి గల్లీలో పెరిగినవాడు తనను తాను సగం రైల్వే మంత్రి అనుకోవడంలో వింతేమీ లేదు. మిగతా సగం కూడా నేనే అనుకునేవాణ్ని. ఈ కథ నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా రైలుకు రెండు డబ్బాలు పెరిగాయని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది. అందుకని ఈసారి డబ్బాలు ఎన్నో చెప్పకుండానే చెబుతాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. వరంగల్‌లో మా మేనమామకు జంపఖానాల దుకాణం ఉండేది. కొత్తవాడ మగ్గాల మీద నేసే నూలు జంపఖానాలు, పెళ్లిళ్లలో నేలంతా పరిస్తే ఊరంతా కూర్చునేవి. నేను ఆ దుకాణం గోదాములో చేరి, పొద్దున వాటిని దులిపి, సాయంత్రం మళ్లీ మడతపెట్టేవాణ్ని. మామకు ఊలు తివాచీల లెక్కన మన నూలు జంపఖానాలను కూడా దేశం దాటించాలని కోరిక. జర్మనీలో ఒక పెద్ద ఊళ్లో జరిగే ఎగ్జిబిషన్‌లో ఒక మూల చిన్న చోటు దొరికింది. వెంట ఎవరిని తీసుకుపోవాలి? దుకాణంలో పాతికేళ్ల అనుభవమున్న గుమస్తా ఒకాయన ఉన్నాడు. సంచీ కూడా కుట్టించుకున్నాడు పాపం. కాని ఎగ్జిబిషన్ అయ్యాక అక్కడ రైళ్లలో తిరగాల్సి ఉంటుందని మామ నోటి నుంచి వినగానే నేను ముందుకు దూకాను.

"రైళ్ల సంగతి నాకు ఇడ్సిపెట్టు మామా. రైలు ఏడికి పోయినా రైలే. పట్టాలు రెండే ఉంటయ్, మూడో పట్టా ఎవడు కనిపెట్టలేదు."

"గుమస్తాకు ఇంగ్లీషు అస్తదిరా."

"ఇంగ్లీషు ఎవలకన్న అస్తది. రైలు రావాలె గద!"

మామ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "సరే. గని ఒక్కటి చెప్త, ఇను. పనిల తేడా వచ్చిందా, తిరిగొచ్చినంక నీ బతుకంత గోదామే. దుకాణం మెట్టు ఎక్కనియ్య." నేను ఒప్పుకున్నాను. గుమస్తా తన కొత్త సంచీని నాకే ఇచ్చేశాడు. (ఆ మంచితనం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. సంచీ మటుకు బాగా పనికొచ్చింది.)

బయల్దేరే రోజు ముగ్గురు పెద్దవాళ్లు మూడు వస్తువులిచ్చారు. కథంతా ఆ మూడింటితోనే కాబట్టి కొంచెం గుర్తుపెట్టుకోండి. మా అమ్మ ఒక పెద్ద పొట్లం సకినాలు ఇచ్చింది. కొత్తవాడలో మామకు మగ్గం నేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. మేమంతా మగ్గం తాత అనేవాళ్లం. ఆయన మిగిలిపోయిన రంగురంగుల నూలు పోగులన్నీ కలిపి నేసిన చిన్న జంపఖానా ఒకటి తెచ్చి, "రైల్ల కింద ఏస్కొని కూసోండ్రి, సల్లగుంటదట గా దేశం" అని మామ భుజం మీద వేశాడు. అది అమ్మేది కాదు, చూపించేది కాదు. అసలు నమూనాలన్నీ ఒక పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి. తాత ఇంట్లో నాలుగు మగ్గాలుంటే అప్పటికే రెండు ఆగిపోయి ఉన్నాయి. ఈ ప్రయాణంలో ఆర్డరు దొరక్కపోతే మిగతా రెండూ విప్పేస్తానని ఆయన మామతో అన్నాడట. మామ నాకది విమానంలో చెప్పాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మూడో వస్తువు మా బాపు ఇచ్చాడు. గొలుసు, తాళం. బర్త్ కింద పెట్టెను కట్టేసుకునే గొలుసు మీరూ చూసే ఉంటారు. ఇది దానికి తండ్రి. "సామాను గొలుసుకు కట్టనోడు రైల్ల నిద్రపోగూడదు, నిద్రపోయినోడు ఏడ్వగూడదు" అని ఆయన సిద్ధాంతం. తాళం నొక్కితే పడిపోతుంది, తీయడానికే తాళంచెవి కావాలి. ఆ తాళంచెవిని నాకివ్వడానికి మామ ఒప్పుకోలేదు. (గోదాము తాళాలు రెండుసార్లు పోగొట్టిన చరిత్ర నాకుంది.) "నా మొలతాడుకుంటే పానం పోయినంకనే పోతది" అని తన మొలతాడుకే నాలుగు ముళ్లు వేసి కట్టుకున్నాడు.

ఎగ్జిబిషన్ సంగతి ఒక్క మాటలో చెబుతాను: చాలామంది వచ్చారు, ముట్టుకున్నారు, నవ్వారు, పోయారు. ఒక్కావిడ మాత్రం నిలబడింది. తెల్లని పొట్టి జుట్టు, మెడలో వేలాడే కళ్లద్దాలు. ఆవిడకు ఒక చిన్న ఊళ్లో ఇంటి సామాన్ల దుకాణం ఉందట. నమూనాలన్నీ తీరిగ్గా చూడాలి, గురువారం పొద్దున మా ఊరికి తీసుకురండి, కాని పన్నెండులోపు రావాలి, ఆ తర్వాత నేను ఊళ్లో ఉండను అని కార్డు ఇచ్చింది. మామ ఆ కార్డును చొక్కా జేబులో, గుండె వైపు పెట్టుకున్నాడు.

ఇక రైలు. ఆ ఊళ్ల పేర్లు మామ నోరు తిరగలేదు. నా నోరూ తిరగలేదు కాని నేను ఒప్పుకోలేదు. మామ వ్యాపారి కదా, ఉపాయం ఆయనే చెప్పాడు. "పేర్లతోని మనకేంది పని? మన పేర్లు పెట్టుకుందాం." కాగితం మీద గీత గీశాం. ఆవిడ ఉండే చిన్న ఊరు నెక్కొండంత ఉంటుందనుకుని దానికి నెక్కొండ అని పేరు పెట్టాం. మధ్యలో లైన్లు చీలే పెద్ద స్టేషను కాజీపేట. అక్కడి నుంచి ఇంకోవైపు పోయే లైను చివర ఊరు జమ్మికుంట. మొత్తం జర్మనీ ఒక్కసారిగా మన తాలూకా అయిపోయింది. మామ ఆ కాగితం చూసి, "గిప్పుడు ధైర్యం వచ్చింది" అన్నాడు.

రైలు ఎక్కగానే నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరచిపోలేదు. కిటికీ అద్దం మన దుకాణం తలుపంత ఉంది. దుమ్ము లేదు, చప్పుడు లేదు, చేను మీద పడిన మంచు పాలమీగడలాగ జారిపోతూ ఉంది. సీట్లు మెత్తగా ఉన్నాయి. రైలు కదిలిన సంగతి పక్కనున్న స్తంభం వెనక్కి పోయేదాకా తెలియలేదు. నేను తలుపు పక్కన సామాన్లు పెట్టే చోట సూట్‌కేసు పెట్టి, బాపు గొలుసును అక్కడి ఇనుప కడ్డీ చుట్టూ మూడు చుట్లు చుట్టి, తాళం నొక్కాను. టక్కుమన్న ఆ చప్పుడుకు డబ్బాలో ఉన్న అందరూ తలెత్తి చూశారు. నేను గర్వంగా చేతులు దులుపుకున్నాను.

మామకు మాత్రం అరగంటలోనే ఊపిరాడకుండా అయింది. "ఏందిరా గిది? ఒక్కడు మాట్లాడ్తలేడు. ఎక్కడిదాంక అని గూడ అడుగుతలేరు. మనం మనుషులం గనపడ్తలేమా?"

"ఇక్కడ గట్లనే ఉంటరు మామా."

"చాయ్ రాదు, పల్లీలు రావు, ముచ్చట లేదు. గిది రైలా, దవాఖానల పెద్ద డాక్టరు రూమా?"

తాత ఇచ్చిన చిన్న జంపఖానా ఒళ్లో పరిచి, మామ సకినాల పొట్లం విప్పాడు. మా ఎదురుగా ఊలుతో ఏదో అల్లుకుంటున్న ఒక అవ్వ ఉంది. మామ ఒక సకినం ఆమె ముందు పెట్టాడు. ఆమె చిరునవ్వు నవ్వి, తల అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టుకుని, కిటికీ అద్దం మీదున్న బొమ్మను చూపించింది. ఆ బొమ్మలో కూడా ఒకాయన పెదాల మీద వేలు పెట్టుకుని ఉన్నాడు. "పాపం, పండ్లు నొస్తున్నయట. గీ డబ్బ పండ్ల నొప్పోళ్లకు పెట్టినట్టున్నరు" అన్నాడు మామ జాలిగా. అది మాట్లాడకూడని డబ్బా అని నాకు అర్థమైంది. అయినా చెబితే మామ పక్క డబ్బాకు పోదామంటాడు, పెట్టె కట్టేశాను కదా అని ఊరుకున్నాను. మామ సకినం కొరికాడు. మా అమ్మ సకినాలు ఎట్లాంటివంటే, కాజీపేట క్వార్టర్లలో ఒకరు కొరికితే మూడో ఇంట్లో పిల్లలు లేచేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో ఆ కరకర ఇంజను దాకా వినిపించి ఉంటుంది. అవ్వ ఊలు సూదులు ఆగిపోయాయి.

అప్పుడు టీసీ వచ్చాడు. ఎర్రటి మీసాలు, ఇస్త్రీ బట్టలు. మా టికెట్లు చూసి చక్కటి ఇంగ్లీషులో, నాకు కూడా అర్థమయ్యేంత నిదానంగా చెప్పాడు. మీరు కూర్చున్నది వెనక సగం. పెద్ద స్టేషన్‌లో ఈ రైలు రెండు ముక్కలవుతుంది. ముందు సగం మీ ఊరికి పోతుంది, వెనక సగం ఇంకో వైపు పోతుంది. అక్కడ దిగి ముందు సగంలోకి మారండి. రెంటి మధ్య లోపలి నుంచి దారి లేదు. ఆగేది నాలుగు నిమిషాలు.

ఇక్కడే నేను ఒక విషయం ఒప్పుకోవాలి. టీసీ చెప్పింది నాకు ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే మేం బతికిపోయేవాళ్లం. కాని రైలును విడదీయడమంటే ఏమిటో కాజీపేటవాడికి ఈయన చెప్పాలా? నేను చూడనిదా? ముందు డబ్బాలను అటూ ఇటూ నెట్టే షంటింగ్ ఇంజను ఒకటి వస్తుంది. తర్వాత ఒకాయన సుత్తి పట్టుకుని డబ్బాల మధ్య దిగుతాడు. ఇంకొకాయన ఆయనను తిడతాడు. జెండాలు ఊపుతారు, కూతలు వేస్తారు, ఒళ్లు కదిలిపోయేలా ఒక ధడేల్ వస్తుంది. ఈలోపల జనం దిగి, నీళ్లు పట్టుకుని, మిర్చి బజ్జీలు తిని, చుట్టాల ఇంటికి ఒక మాట చెప్పి కూడా రావచ్చు. నాలుగు నిమిషాలట! ఈ మాట మా బాపు ముందు చెప్పాలి.

"ఏమంటున్నడురా?" అన్నాడు మామ.

"కాజీపేటల బండి ఇరుగుతదట. ముందట డబ్బాలల్లకు మారాలె."

"అమ్మో! జల్ది లెవ్వు మరి."

"ఏం ఫికర్ లేదు మామా. అరగంట పడ్తది. నాలుగు నిమిషాలని చెప్తాండు గని, గవి పుస్తకంల రాసుకునేటివి."

రైలు ఆగింది. మనవాళ్లు ఇద్దరు ప్రయాణం చేస్తే పని ఎట్లా పంచుకుంటారో తెలుసు కదా. ఒకడు సామాన్ల దగ్గర ఉంటాడు, ఇంకొకడు ఉరికి చేతిరుమాలు పరిచి సీట్లు ఆపుతాడు. మామ లేచాడు. "నువ్వు పెట్టెకాడ ఉండు. నేను పొయ్యి సీట్లు ఆపి అస్త."

"దస్తీ ఉన్నదా?"

"దస్తీకి ఒక్క సీటే ఆగుతది. గిది రెండిటికి ఆగుతది" అని తాత జంపఖానా భుజాన వేసుకుని, సకినాల పొట్లం చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

నేను కిటికీ దగ్గర కూర్చుని షంటింగ్ ఇంజను కోసం చూస్తున్నాను. సుత్తి మనిషి రాలేదు. జెండా రాలేదు. ప్లాట్‌ఫారం అక్కడ కొంచెం వంపు తిరిగి ఉండటంతో ముందు సగం కిటికీలు నాకు బాగానే కనిపిస్తున్నాయి. అందులో మామ రెండు సీట్ల మీద జంపఖానా పరిచి, అంచులు సర్ది, నన్ను చూసి "రా, రా" అని చెయ్యి ఊపుతున్నాడు. తొందరేముందిలే అని నేనూ చెయ్యి ఊపాను. మామ ఊపుతున్నాడు, నేను ఊపుతున్నాను. కొంతసేపటికి మామ చిన్నగా అవుతున్నట్టు అనిపించింది. కూత లేదు, ధడేల్ లేదు, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు ముందు సగం విడిపోయి జారిపోతూ ఉంది. మామకు కూడా అదే క్షణంలో అర్థమైనట్టుంది. ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది. అది మెల్లగా కిందికి దిగి నడుము దగ్గరికి పోయింది. మామ చొక్కా పైకెత్తి, మొలతాడుకున్న తాళంచెవిని అద్దానికి ఆనించి నాకు చూపించాడు. అట్లా చూపిస్తూనే వంపు తిరిగి కనుమరుగయ్యాడు.

నేను ఉరికి వెళ్లి గొలుసు లాగాను. బాపు ఇచ్చిన గొలుసు కదా, రాలేదు. పెట్టెను వదిలి దిగిపోదామా అంటే, అందులో ఉన్నవి తాత మగ్గాలు. ఉండిపోదామా అంటే, మామ వట్టి చేతులతో ఆవిడ ముందు నిలబడతాడు. ఒక కాలు తలుపు బయట, ఒక కాలు లోపల పెట్టి ఆలోచిస్తుంటే తలుపే నిర్ణయం తీసుకుంది. టంగుమని మోగి మూసుకుపోయింది. తాళంచెవి నెక్కొండకు, పెట్టె జమ్మికుంటకు బయల్దేరాయి. నేను పెట్టె తరఫున ఉన్నాను.

నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు కాని, అవ్వ ఊలు పక్కన పెట్టేసింది. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది, ఎక్కడిదాకా అని. పొద్దుటి నుంచి మామ ఎదురుచూసిన ప్రశ్న! అడిగేసరికి మామ లేడు. నేను కంగారులో "నెక్కొండ" అన్నాను. ఆమె తల ఊపి, అట్లాంటి ఊరు ఈ లైను మీద లేదని చాలా విచారంగా చెప్పింది. ఆ తర్వాత ఆ మాట్లాడకూడని డబ్బా అంతా ఒక్కసారిగా నోరు విప్పింది. సైకిలు పట్టుకుని ఎక్కిన ఒక పొడుగాయన తన సంచిలోంచి పనిముట్లు తీసి తాళం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అవ్వ ఊలు సూది ఇచ్చింది. ఎవరో జడపిన్ను ఇచ్చారు. ఒకరు తాళం పట్టుకుంటే ఇంకొకరు దీపం చూపిస్తున్నారు. బొమ్మలో పెదాల మీద వేలు పెట్టుకున్నాయన ఒక్కడే నిశ్శబ్దంగా ఉన్నాడు. కాజీపేట తాళం మాత్రం జర్మనీకి లొంగలేదు. నాకు ఏడుపు వస్తూనే ఎక్కడో కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఎర్ర మీసాల టీసీ వచ్చి గొలుసును పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఎందుకు కట్టావని అడిగాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా అన్నాను. అన్నాక గాని ఆ మాట ఎట్లా ఉందో తెలియలేదు. టీసీ తలెత్తి డబ్బాలో అందర్నీ చూశాడు. నేనూ చూశాను. సూది చేతిలో పట్టుకున్న అవ్వ, చేతులకు నూనె మరకలు చేసుకున్న సైకిలాయన, జడ ఊడిపోయి నిలబడ్డ ఆడమనిషి. నా పెట్టె ఎత్తుకుపోతారని నేను అనుమానించింది వీళ్లనే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, మా బాపు రైల్వే గార్డు, ఆయనే కట్టుకొమ్మన్నాడు అని, చేత్తో పచ్చజెండా ఊపి చూపించాను. టీసీ మొహం మారిపోయింది. టోపీ సర్దుకున్నాడు. గార్డు కొడుకువా అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. రైలు మనుషులంతా ఒకటే కులమని మా బాపు అంటుండేవాడు. అది మాత్రం నిజం.

టీసీ ముందు సగంలో ఉన్న తన జోడీకి ఫోను చేశాడు. (మాకు ఫోన్లున్నాయి, ఇంట్లో ఉన్నాయి. వాటిని పరాయి దేశానికి ఎందుకు, పోతాయి అని మామ పెట్టి వచ్చాడు.) మాట్లాడి నాకు చెప్పాడు: మీ పెద్దాయన క్షేమం. రెండు సీట్ల మీద ఏదో పరిచాడు, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. మావాడు బొమ్మ గీసి ఆయనకు సంగతి చెప్పాడు. ఈ సగం జమ్మికుంట దాకా పోయి ఒంటి గంటకు మళ్లీ కాజీపేటకు వస్తుంది, అక్కడ మూడు నిమిషాలు ఆగుతుంది, మీ మామ తాళంచెవితో అక్కడ ఉంటాడు. (ఊళ్ల పేర్లు ఆయన వేరే చెప్పాడు. నేను మనవి చెబుతున్నాను.) గొలుసును కోయించమంటావా అని కూడా అడిగాడు. కోయడానికి మనిషి సాయంత్రం గాని రాడట. సాయంత్రానికి ఆవిడ ఉండదు. ఒంటి గంటకు కూడా ఉండదు. పన్నెండు నా కళ్ల ముందే, జమ్మికుంట స్టేషన్‌లో, గోడ గడియారంలో అయింది. ఖాళీ రైల్లో, కట్టేసిన పెట్టె పక్కన, కట్టేయని నేను కూర్చుని గడియారం చప్పుడు విన్నాను. దిగేముందు అవ్వ నాకొక ఆపిల్ ఇచ్చి, ఇందాక ఆయన పెట్టిన గుండ్రటిది ఒకటి ఇస్తావా అని అడిగింది. సకినాలు మామతో పోయాయి. ఆమె అడిగినప్పుడు ఇవ్వలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

ఒంటి గంటకు రైలు కాజీపేట చేరింది. ప్లాట్‌ఫారం మీద మామ ఉరుకుతున్నాడు. లోపలికి ఎక్కగానే చొక్కా ఎత్తి తాళంచెవి పట్టుకున్నాడు. నాలుగు ముళ్లు కదా, చెమటకు బిగుసుకుపోయి ఒక్కటీ రాలేదు. టీసీ గడియారం చూస్తున్నాడు. తాళంచెవి మామను వదలదు, తాళం పెట్టెను వదలదు, పెట్టె రైలును వదలదు. ఇక మిగిలింది ఒకటే దారి. మామ మోకాళ్ల మీద కూర్చుని, నడుమును తాళం దగ్గరికి తీసుకుపోవాలి.

"జర ముందటికి రా మామా."

"ఎంత ముందటికి రావాల్నిరా? కడ్డీ అడ్డం అస్తాంది."

"కడుపు లోపటికి గుంజు."

"గుంజిన! యాభై ఏండ్ల కడుపు, గింతకన్న పోదు. నువ్వు తిప్పు జల్ది, అందరు చూస్తాండ్రు!"

అందరూ చూస్తూనే ఉన్నారు. ఇస్త్రీ బట్టల దేశంలో, మామ ఇనుప కడ్డీని కౌగిలించుకుని, నేను ఆయన పొట్ట కింద తల దూర్చి తాళంచెవి తిప్పుతుంటే, ఒకళ్లు కూడా నవ్వలేదు. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. తాళం టక్కుమంది. డబ్బా డబ్బా అంతా చప్పట్లు కొట్టింది. మేం పెట్టెతో కింద పడ్డట్టు దిగాం, వెనక తలుపు మూసుకుంది. టీసీ కిటికీలోంచి పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపాడు.

ప్లాట్‌ఫారం మీద మామ పెట్టెను ఒక పక్కకు లాగాడు. పెట్టె మీద కూర్చుని చొక్కా సర్దుకుంటున్నాడు. నేను గోదాముకు మానసికంగా సిద్ధమయ్యాను. దానికన్నా తాత మొహం ఎట్లా చూడాలన్నదే పెద్ద బెంగ.

"తప్పు నాదే మామా. నాలుగు నిమిషాలని ఆయన చెప్పిండు. నేనే ఇనలే."

"ఎర్కే. నీకు ఎవడు చెప్పినా ఇనవ్."

"ఆవిడ ఎల్లిపోయిందా?"

"ఎల్లిపోయింది."

నేను తల వంచుకున్నాను. అప్పుడు చూశాను. మామ భుజం ఖాళీగా ఉంది. "తాత జంపఖానా ఏది?"

"ఆమెనే పట్టుకపోయింది" అన్నాడు మామ. తర్వాత జేబులోంచి, గుండె వైపు జేబులోంచి, మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఆవిడ చేత్తో రాసిన ఆర్డరు. ఆ చిన్న జంపఖానా లాంటివే, రంగు ఏదైనా సరే, తాత నాలుగు మగ్గాలూ ఏడాది ఆగకుండా నేయాల్సినన్ని.

"ఏం మాట్లాడినవ్ మామా? నీకు ఇంగ్లీషు రాదు గద?"

"నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. నమూనాలేయి అన్నట్టు చేతులు చూపిచ్చింది. నేను రైలు దిక్కు చూపిచ్చిన. ఇగ ఏం చెయ్యాలె? ఉన్నదాన్నే దులిపి కింద పరిచి, కూసో అమ్మా అన్న. కూసున్నది. సకినాలు పెట్టిన. తిన్నది. లేవనే లేవలే. పెట్టె ఉంటే ఇరవై విప్పి చూపిచ్చేటోన్ని, అన్నిటిని నిలబడి చూసి పంపిచ్చేది."

దులిపి అని మామ అన్నాడు గాని, దాని మధ్యలో సకినాల నూనె మరక ఒకటి ఉండి ఉంటుందని నాకు తెలుసు. ఆవిడ దాన్ని కూడా డిజైను అనుకుందేమో. ఆర్డరులో అది రాయలేదు.

ఇంటికి వచ్చాక బాపు మొదటి ప్రశ్న, "తాళం గట్టిగనే ఉన్నదా?" "చానా గట్టిగున్నది బాపు" అన్నాను. అంతకు మించి ఆయన అడగలేదు. ఊళ్లో మాత్రం నేను కథ కొంచెం మార్చి చెప్పాను. నమూనాలు చూపిస్తే లాభం లేదని ముందే పసిగట్టి, కావాలనే మామను ఒక్క జంపఖానాతో పంపించి, పెట్టెను నేను ఇంకోవైపు తప్పించానని. మామ పక్కనే కూర్చుని వినేవాడు. ఒక్కసారి కూడా కాదనలేదు. "మా అల్లునికి రైల్లు బాగ ఎర్క" అని మాత్రం అనేవాడు. గుమస్తా మాత్రం కళ్లద్దాలపైనుంచి నన్నోసారి చూసేవాడు. ఆ తర్వాత నేను దుకాణం మెట్టు ఎక్కాను. ఇప్పుడు ఆ దుకాణం నేనే చూసుకుంటున్నాను, నాక్కూడా మామ అప్పటి పొట్ట వచ్చేసింది.

మొన్న ఒక పని మీద మామా నేనూ హైదరాబాద్ పోయాం. వరంగల్‌లో ఎక్కినది కొత్త రకం రైలు. కిటికీ అద్దం దుకాణం తలుపంత ఉంది. దుమ్ము లేదు, చప్పుడు లేదు, తలుపులు టంగుమని వాటంతటవే మూసుకున్నాయి. సీటు కింద గొలుసు కట్టడానికి కొక్కెం కోసం అలవాటుగా చెయ్యి పెట్టి చూశాను, లేదు. అందరి చెవుల్లోనూ ఏవో ఉన్నాయి. నేనూ ఫోను తీసి ఆర్డర్లు చూసుకుంటూ కూర్చున్నాను. కాజీపేట దాటాక తలెత్తితే, డెబ్బై దాటిన మామ తన పక్కనున్న ఖాళీ సీటు మీద భుజం మీది తువ్వాలు తీసి పరుస్తున్నాడు. అంచులు కూడా సర్దుతున్నాడు.

"ఎవలకు మామా? ఇంకెవలు రారు గద."

"ఏమో రా. మాట్లాడేటోడు ఎవడన్న అస్తడేమోనని."

ప్రపంచంలో తనకు తెలియని రైలు లేదనుకున్న ఆ ఇరవై మూడేళ్లవాడు గుర్తొచ్చాడు. వాడైతే ఈపాటికి డబ్బా అంతా తిరిగి అందరికీ నాలుగు అబద్ధాలు చెప్పి వచ్చేవాడు. ఫోను జేబులో పెట్టాను. లేచి అటువైపు వెళ్లి, తువ్వాలు మీద కూర్చుని, ముక్కూమొహం తెలియనివాడిలాగా గొంతు సవరించుకున్నాను.

"ఎక్కడిదాంక పోతరు పెద్దమనిషి?"

మామ నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. చెయ్యి నడుము దగ్గరికి పోయింది, ఊరికే తడిమి చూసుకున్నట్టు.

"నెక్కొండ దాంక" అన్నాడు. "నువ్వు జమ్మికుంటకేనా?"